క్యూబిజంతో మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఫావిజం మొదలు పాప్ ఆర్ట్ వరకు ఇరవయ్యో శతాబ్దపు చిత్రకళా ఉద్యమాల పేర్లన్నీ కలగాపులగమవుతున్నాయని రాశావు. ఆ పట్టికను కంఠస్థం చేసే పని పక్కన పెట్టి, ఒక్క క్యూబిజాన్ని, అంటే ఒకే వస్తువును పలు కోణాల నుంచి చూసి ముక్కలుగా ఒకే బొమ్మలో చూపే పద్ధతిని, పట్టుకుని, 1907 నుంచి 1912 దాకా వచ్చిన బొమ్మలను వరుసగా, తీరిగ్గా చూడమని నా సలహా.

అందరూ పికాసో 1907లో వేసిన ‘అవిన్యోన్ యువతులు’ చిత్రాన్ని ముందు చూపిస్తారు గాని, నువ్వు ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్‌తో మొదలుపెట్టు. ఆయన 1906లో కన్నుమూశాడు. మరుసటి ఏడు పారిస్‌లో జరిగిన ఆయన చిత్రాల ప్రదర్శన యువ చిత్రకారులను కుదిపివేసింది. ఆయన బొమ్మల్లో బల్లను ఒక ఎత్తు నుంచి, దాని మీది పళ్లేన్ని మరో ఎత్తు నుంచి చూసినట్టు ఉంటుంది. అది నీ కంటికి ఆనిన తరువాతే, పికాసోతో కలిసి క్యూబిజానికి దారి వేసిన బ్రాక్, 1908లో దక్షిణ ఫ్రాన్స్‌లోని లెస్తాక్‌లో వేసిన ఇళ్ల బొమ్మ దగ్గరకు వెళ్లు. ఆ ఇళ్లకు తలుపులూ కిటికీలూ లేవు. వెలుగు ఎటు నుంచి పడుతోందో వెతికితే ఒక్కో గోడ ఒక్కో దిక్కు చెబుతుంది. ఆ ఏడు బ్రాక్ ప్రదర్శన చూసిన విమర్శకుడు లూయీ వోసెల్ అన్నిటినీ ఘనాలుగా (క్యూబ్‌లుగా) మార్చేస్తున్నాడని రాశాడు. ఉద్యమానికి పేరు ఆ మాట నుంచే వచ్చింది.

1910 నాటికి బొమ్మలు బూడిద, గోధుమ రంగు ముక్కలైపోతాయి. అక్కడ విసుగు పుడుతుంది, అయినా తొందరపడి దాటిపోకు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ మ్యూజియంలో ఉన్న బ్రాక్ ‘వయొలిన్, కూజా’ చిత్రాన్ని వీలైనంత పెద్ద ప్రతిలో చూడు. వయొలిన్ చెదిరిపోయి ఉంటుంది, పైన మాత్రం ఒక మేకు తన నీడతో సహా నిజంగా దిగగొట్టినట్టు ఉంటుంది. పాత పద్ధతి చేతకాక కాదు, చేతనై ఉండీ వద్దనుకున్నానని బ్రాక్ ఆ మేకుతో చెబుతున్నాడని నా నమ్మకం. 1912లో పికాసో కుర్చీ పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్ క్లాత్‌ను కాన్వాసుకే అతికించి, చుట్టూ తాడు బిగించాడు. కాగితం, గుడ్డ వంటి ముక్కలను అతికించి బొమ్మ కట్టే కోలాజ్‌కు దారి అక్కడ పడింది.

చూడడంతో సరిపెట్టకు. ఇంట్లో ఒక చెంబును పై నుంచి, పక్క నుంచి, కింద నుంచి గీసి, ఆ మూడింటినీ ఒకే కాగితం మీద కలిపి చూడు. గీతలు ఎక్కడ పొసగవో అక్కడే బ్రాక్ ఏం చేశాడో మళ్లీ వెళ్లి పరిశీలించు. ఆ తరువాత వేగాన్నీ యంత్రాలనూ కీర్తించిన ఇటలీ ఫ్యూచరిస్టులనూ, రష్యాలో చిత్రకారుడు మాలెవిచ్‌నూ చదివితే, వాళ్లు క్యూబిజం నుంచి ఏది తీసుకున్నారో, ఏది వదిలేశారో నీకే తెలుస్తుంది. నువ్వు గీసిన కాగితాలు నాకు పంపు.

మీ పెదనాన్న