ఎక్కడ నిలబడి చూశారో గమనించు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది, కథ కూడా చదివాను. రాజకీయాల మీద, ప్రకృతి మీద, చరిత్ర మీద నా ఆలోచనలు మార్చిన పుస్తకాలేవో చెప్పమన్నావు. పెద్ద లిస్టు ఇవ్వను, మూడే చెబుతాను. అభిప్రాయాలు ఏరుకోవడానికి మాత్రం వాటిని చదవకు. రాసినవాళ్ళు ఎక్కడ నిలబడి చూశారో, ఎవరి పక్కన కూర్చుని విన్నారో గమనిస్తూ చదువు.

ముందు 'వనవాసి'. బెంగాలీలో విభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం గారి అనువాదం. కలకత్తాలో ఉద్యోగం లేక తిరుగుతున్న సత్యచరణ్ బీహార్ అడవుల్లోని ఒక ఎస్టేటుకి మేనేజరుగా వెళ్తాడు. మొదట్లో ఆ ఒంటరితనం భరించలేకపోతాడు. తర్వాత్తర్వాత అడవిని వదిలి ఉండలేని స్థితికి వస్తాడు. కానీ అతని ఉద్యోగమేమిటి? ఆ అడవిని ముక్కలు చేసి సాగుకి ఇవ్వడం! ప్రాణంగా చూసుకున్నదాన్ని తన సంతకంతోనే నరికిస్తాడు. విభూతిభూషణ్ కూడా భాగల్పూర్ ప్రాంతంలో ఎస్టేటు ఉద్యోగం చేసినవాడే. అడవిని పొగిడిన పుస్తకాలు బోలెడున్నాయి. నరికించినవాడి నోటితోనే చెప్పించడం వల్ల ఈ పుస్తకం నన్ను వదల్లేదు. తప్పంతా వేరేవాళ్ళ మీదికి నెట్టి చేతులు దులుపుకునే వీలు పాఠకుడికి ఉండదు.

అందులో యుగళప్రసాద్ అని ఒకడున్నాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు, విత్తనాలు తెచ్చి సరస్వతీ కుండం చుట్టూ నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు, పైసా లాభం లేదు. కుంత అనే వితంతువు ఉంది. మేనేజరు తినగా మిగిలిన అన్నం పిల్లలకి పట్టుకెళ్ళడానికి గడ్డకట్టే చలిలో రాత్రిపూట కాచుకుని ఉంటుంది. అక్కడి పేదలకి వరి అన్నం అపురూపం, గడ్డిగింజలు తిని బతుకుతారు. అడవి అందం, ఆ ఆకలి ఒకే పేజీలో ఉంటాయి. ఒకదాని కోసం రెండోదాన్ని ఆయన దాచిపెట్టలేదు.

నీ కథలో చెరువుగట్టు మీద చెట్లు కొట్టేస్తారు. కొట్టించిన కాంట్రాక్టరు దుర్మార్గుడు, అడ్డుపడిన మాస్టారు మంచివాడు. మరి గొడ్డలి పట్టుకున్నవాళ్ళు? వాళ్ళకి నువ్వు ఒక్క డైలాగు కూడా ఇవ్వలేదు. ఆ పని ఎందుకు ఒప్పుకున్నారు, ఆ రోజు కూలి ఎంత, కొట్టిన కొమ్మల్లో ఇంటికి ఏం పట్టుకెళ్ళారు? నాకు నీ కథలో అన్నిటికంటే తెలుసుకోవాలనిపించింది వాళ్ళ గురించే.

రాజకీయాలంటావా, ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' చదువు. అడవిలో పశువుల్ని మేపుకోవడానికి కట్టాల్సిన పుల్లరి పన్నుకి ఎదురుతిరిగిన పల్నాటి సత్యాగ్రహంలో అరెస్టయి, రాయవేలూరు జైల్లో రాసిన నవల. 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆయన గాంధీ మార్గం నమ్మిన మనిషి. అయినా నవలలో రామదాసు ఇంట్లో ఒక కొడుకు సంగదాసు శాంతంగా పోరాడితే, ఇంకో కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ధనవంతుల్ని దోచి పేదలకి పంచుతాడు. తాను నమ్మని దారిలో నడిచేవాడికి కూడా అంత బలమైన కారణం ఇచ్చాడు చూడు, అది నేర్చుకోవాలి. నీ కాంట్రాక్టరు నోట ఒక్కటైనా సబబైన మాట పలికించు.

చరిత్రకి సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చింది. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, దానికే. రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలాడారు, వేటిని నమ్మారు అని వెతికాడాయన. అందుకోసం పాల్కురికి సోమనాథుడు, శ్రీనాథుడు లాంటి పాతకాలం కవుల్ని, క్రీడాభిరామం, హంసవింశతి లాంటి కావ్యాల్ని సాక్షుల్లా పిలిచి ప్రశ్నలడిగాడు. ఆ పుస్తకం చదివాక నాకు పాత కావ్యాలు వేరేగా కనబడ్డాయి. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానాకాలంలో అతిథులకి అన్నం పెట్టే పద్యం ఉంది కదా. బయట ఎడతెగని ముసురు. భార్య కళ్ళకి పొగ తగలకుండా పొయ్యిలో కొబ్బరిచిప్పలు మండిస్తాడు. పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. కాలేజీలో దాన్ని భక్తుడి అతిథిసేవగా చదివాను. సురవరం తర్వాత చదివితే, వానల్లో కట్టెలు తడిసిపోతే ఏం చేసేవాళ్ళు, కూరలు దొరకని రోజులకి ఏం దాచుకునేవాళ్ళు అన్నదంతా అందులో కనబడింది. రాసింది కృష్ణదేవరాయలు! అంత సామ్రాజ్యం ఏలినవాడు వంట చేసే మనిషి కంట్లో పొగ పట్టించుకున్నాడు. చరిత్ర పుస్తకాల్లో ఆయన గెలిచిన కోటల పేర్లన్నీ ఉంటాయి. నాకు మాత్రం ఆయన కాలం ఈ పొయ్యి దగ్గరే బాగా అర్థమైంది.

మూడూ ఒకేసారి మొదలుపెట్టకు, టెన్షన్ పడకు. 'వనవాసి'తో మొదలుపెట్టు. ఈలోపు మీ ఊళ్ళో చెట్లు కొట్టే పనికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే పోయి కలువు. నోటుపుస్తకం తీయకు, ఊరికే మాట్లాడు. తర్వాత ఆ చెరువుగట్టు సీను వాళ్ళ వైపు నుంచి మళ్ళీ రాసి పంపు. పుస్తకం దొరక్కపోతే చెప్పు, నా కాపీ పోస్టులో పంపిస్తాను. అట్ట ఊడిపోయింది కానీ పేజీలన్నీ ఉన్నాయి.

ప్రేమతో,
మీ అన్నయ్య