నావ మీది గీతలు సరే, నా మొహం మీదివో?

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర, తాళ్ళరేవు వైపు ఊరు. నాకు 58, మా ఆయనకు 66. పెళ్ళయిన కొత్తలో అప్పు చేసి టేకు నావ కట్టించుకున్నారు. దాని మీదే ఇద్దరు పిల్లల్ని చదివించాం. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా వేట మానేశారు. నావ ఒడ్డున పడి ఉంది. మొన్న పెద్దోడు హైదరాబాద్ నుంచి వచ్చి "అమ్మేద్దాం నాన్నా, చెక్కకైనా నాలుగు డబ్బులొస్తాయి" అన్నాడు. ఆ రోజు నుంచీ అన్నం సరిగ్గా తినడం లేదు. పొద్దస్తమానం నావ దగ్గరే కూర్చుని పలకలు తడుముతుంటారు. పెళ్ళిళ్ళకు పిలిస్తే రారు. అద్దం ముందు నిలబడరు. "ముసలోణ్ణి, నన్నెవరు చూస్తారే" అంటారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ నావ మీది ప్రతి గీతా ఆయనకు ముద్దే. నా మొహం ఆయన తేరిపార చూసి ఎన్నాళ్ళయిందో. చెక్క మీద నాకు అసూయ ఏంటండీ?

జవాబు: అమ్మా, సిగ్గుపడాల్సిందేమీ లేదు. చీకటితో మొగుణ్ణి తీసుకుపోయి, ఎప్పుడు తిరిగి తెస్తుందో చెప్పని దాని మీద ఆ మాత్రం అసూయ ఉండదా? తుపాను కబురు వచ్చిన రాత్రి రేవులో నిలబడిన ఆడవాళ్ళకే అది తెలుస్తుంది. 1996 నవంబరు తుపాను మీ వైపు వాళ్ళు మరిచిపోయేది కాదు.

ఇంకో సంగతి. నావ తెచ్చిన చేపను తట్టకెత్తుకుని అమ్మి, అప్పు తీర్చడంలో మీ చెయ్యీ ఉండే ఉంటుంది. పెద్దబ్బాయి అమ్మేద్దామని నాన్నను అడిగాడు, మిమ్మల్ని అడిగినట్టు మీరు రాయలేదు. మీ ఉత్తరంలో కూడా "కట్టించుకున్నారు" అనే రాశారు, "కట్టించుకున్నాం" అని రాయలేదు. ముందు ఆ నావలో సగం మీదని మీరే ఒప్పుకోండి. అసూయ సగానికి దిగుతుంది.

ఇక మీ వారి సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం కదా. ఇంజన్ బోట్లన్నీ ఆగిపోయే ఆ రోజుల్లోనే ఆయనా నావను ఒడ్డుకు లాగి, పుచ్చిన పలక తీసి కొత్తది వేయించి, సందుల్లో నూలు కూరి, నూనె పట్టించి ఉంటారు. అంటే ఒక వస్తువు పాతబడటం ఎలా ఉంటుందో ఏడాదికోసారి చేత్తో ముట్టుకుని చూసిన మనిషి. ఏ ఏడాదీ "ఇది ముసలిదైపోయింది, దీన్నెవరు చూస్తారు" అనలేదు. ఆ మాట తన విషయంలోనే వచ్చింది. పడవకు చూపిన దయ తనకు చూపుకోవడం లేదు. మగవాళ్ళలో ఈ జబ్బు చాలా ఇళ్ళలో చూస్తున్నాను. పని ఆగిన రోజునే తాము కూడా అయిపోయామనుకుంటారు.

అయితే అంతా మనసుదే అనుకోకండి. మీ ఉత్తరం రెండోసారి చదివాక నాకు ఒక అనుమానం వచ్చింది. పలకలు చూడటం లేదు, తడుముతున్నారు. అద్దం ముందు నిలబడరు. పదిమందిలోకి రారు. మీ మొహం తేరిపార చూడరు. నలభై ఏళ్ళు నీళ్ళ మీద ఎండ తళతళలో గడిపిన కళ్ళు. శుక్లాలు ముదిరి ఉంటే? పెళ్ళిలో ఎదురొచ్చినవాడు ఎవరో పోల్చుకోలేక నవ్వులపాలవుతానని మానేసినవాళ్ళను నేను ఎరుగుదును. కళ్ళు కనపడటం లేదని చెప్పడం కన్నా ముసలోణ్ణయ్యానని చెప్పడం వాళ్ళకు తేలిక. నా అనుమానం తప్పు కావచ్చు. అయినా ఈ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి. శుక్లాల ఆపరేషన్ అయితే చాలామంది అదే రోజు ఇంటికి వచ్చేస్తారు. మోకాళ్ళ సంగతి కూడా అప్పుడే చూపించండి. తిండి, నిద్ర రెండు వారాలు దాటినా గాడిలో పడకపోతే, లేదా బతకడం దండగ అన్నట్టు మాట్లాడితే, ఇంకేమీ ఆలోచించకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత లైను, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అబ్బాయి మీద కోపం వద్దు. ఎండలో అక్కడ కూర్చున్న నాన్న కాలు జారి పడితే ఎవరు చూస్తారన్న టెన్షన్ అతనిది. దాన్ని డబ్బు లెక్కలో చెప్పాడు, అంతే. కానీ ఆయనకు తెలియకుండా మాత్రం బేరం పెట్టనివ్వకండి. అలా నావ పోయిన ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాట కూడా పోతుంది.

నావకు చేయాల్సింది వేరే ఉంది. రెండేళ్ళు ఎండలో ఉన్న చెక్క ఎండి, ముడుచుకుని, పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి. చూసినవాళ్ళు పాడైపోయిందంటారు. అదే చెక్కను నీళ్ళలో పెడితే మొదట కారుతుంది, తర్వాత నీరు పీల్చి ఉబ్బి సందులు చాలావరకు తనే మూసుకుంటుంది. ఇది మీ వారికి నాకంటే బాగా తెలుసు. మేస్త్రిని పిలిచి పలక పలకా కొట్టి చూపించండి. బాగున్న చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. పనికొస్తే తాటాకు పందిరి వేయించి, ఏరులో వేటాడే మేనల్లుడెవరికైనా వాటాకు ఇవ్వండి. ఆయన ఒడ్డున కూర్చుని పోటూపాటూ చెబుతారు, వాళ్ళ వల తప్పులు తిడతారు. ఆ తిట్టడం ఆయనకు మందు. పూర్తిగా పుచ్చిపోయిందని తేలితే, ఎప్పుడు విప్పాలో తేదీ ఆయన్నే పెట్టమనండి. ఒక మంచి పలక ఇంటికి తెచ్చి వీధి అరుగు మీద బల్ల వేయించుకోండి.

ఇక మీ ముడతలు. అవి అందంగా ఉన్నాయని ఓదార్పు మాటలు చెప్పను, మీరు నమ్మరు. ఒక పని చేయండి. సాయంత్రం రెండు గ్లాసుల్లో టీ పట్టుకుని నావ దగ్గరికి వెళ్ళండి. రంగు తేడాగా ఉన్న పలకేదో చూపించి, ఇదెప్పుడు మార్చారని అడగండి. చెప్పనివ్వండి, మధ్యలో అబ్బాయి మాట తేవద్దు. ఆయన ఆ ఏడు సంగతి మొదలుపెడితే, ఆ ఏడే చిన్నోడికి జ్వరం వచ్చిందనో, గాజులు తాకట్టు పెట్టామనో మీకు గుర్తొచ్చింది మీరూ చెప్పండి. తర్వాత ఆయన కళ్ళ పక్క గీతలు చూడండి. దూరం సముద్రంలోకి కళ్ళు చిట్లించి చూసిన గీతలవి. మీకూ అక్కడే ఉంటాయి. ఆయన నావలోంచి ఒడ్డు కోసం చూశారు, మీరు ఒడ్డు మీంచి నావ కోసం చూశారు. ఆ మాట నేను రాయడం కన్నా మీరు ఆయనతో అనడం మేలు. "నా మొహం చూసి ఎన్నాళ్ళయింది" అని నాకు రాసిన వాక్యం కూడా ఆయనకే చెప్పండి. నవ్వుతూ చెప్పినా ఫర్వాలేదు.

కళ్ళజోడో ఆపరేషనో అయ్యాక మళ్ళీ ఉత్తరం రాయండి. కట్టు విప్పిన రోజు ముందు ఎవరిని చూశారో తెలుసుకోవాలని ఉంది. నావ దగ్గరికే పరుగెత్తారని రాసినా నేనేమీ అనుకోను, మీరే ఆ పూట టీ ఇవ్వకండి.