నా మిక్స్ విన్నవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నారు. ఎవరి మాట పట్టుకోవాలి? వేరేవాళ్ళ మిక్స్ మీద నేనెలా రాయాలి?

మీరు మిక్స్, అంటే విడివిడి ట్రాక్‌లన్నీ కలిపి తయారుచేసిన పాట, పంపిన అయిదుగురిలో ఒకరు బేస్ (కింది స్వరాలు) ఎక్కువైందన్నారు, ఒకరు అసలు బేసే లేదన్నారు, ముగ్గురు వోకల్ (పాడిన గొంతు) పెంచమన్నారు. వేరేవాళ్ళ పాట మీ దగ్గరికొస్తే "బాగుంది" తప్ప ఏం రాయాలో తోచడం లేదన్నారు. రెండు చిక్కులకూ మూలం ఒకటే. వినేవాళ్ళ నుంచి మనకు కావలసింది ఎక్కడ, ఏం వినిపించిందన్న సమాచారం. సాధారణంగా అందేది "ఇది పెంచు, అది తగ్గించు" అన్న సలహా. సమాచారం దాదాపు ఎప్పుడూ నిజమే ఉంటుంది, సలహా సగంసార్లు తప్పుతుంది.

ముందు బేస్ గొడవ తేల్చుకుందాం. ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఎదురెదురు గోడల మధ్య 3 మీటర్లున్న గదిలో సుమారు 57 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుని నిలిచి మోగుతుంది. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, దాన్ని ఆ దూరానికి రెట్టింపుతో, అంటే 6తో భాగిస్తే వచ్చే అంకె అది. గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్ళకి ఆ స్వరం గుమ్మని మోగుతుంది, సరిగ్గా మధ్యలో కూర్చున్నవాళ్ళకి దాదాపు మాయమవుతుంది. బేస్ గిటార్ మీద వేలు నొక్కకుండా మీటిన 'A' తీగ 55 హెర్ట్జ్, అంటే దాదాపు అదే స్వరం. పాట 'A' మైనర్‌లో ఉందంటే ఒకే ఫైల్‌కి, ఒకే గదిలో, రెండు కుర్చీల నుంచి రెండు అభిప్రాయాలు వస్తాయి.

కాబట్టి స్పీకర్ల మీద విని బేస్ గురించి ఎవరేమన్నా వెంటనే ఫేడర్ (ట్రాక్ సౌండ్ పెంచే, తగ్గించే మీట) ముట్టుకోకండి. అన్ని నోట్లూ ఎక్కువగా ఉన్నాయా, ఒకటే ఉబ్బిందా అని అడగండి. అదే చోటు హెడ్‌ఫోన్స్‌లో వినమనండి. అక్కడ కూడా ఆ ఒక్క నోటే ఉబ్బితే వాయించినప్పుడే గట్టిగా పడిందన్నమాట. క్లిప్ గెయిన్‌తో (రికార్డింగ్‌లో ఒక ముక్క సౌండ్ మాత్రమే మార్చే సెట్టింగ్) ఆ నోటుకి మాత్రం 2–3 డీబీ (డెసిబెల్స్) తగ్గించండి, మొత్తం బేస్‌ని ఈక్యూతో (కొన్ని ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే సాధనం) కోయకండి. ఇక ఫోన్ స్పీకర్‌లో విని బేస్ లేదన్నవాళ్ళది వేరే సమస్య. ఆ చిన్న స్పీకర్ 200 హెర్ట్జ్‌కి దిగువన దాదాపు ఏమీ పలకదు, బేస్ ఎంత పెంచినా అందులో వినబడదు. బేస్ ట్రాక్‌కి కొద్దిగా శాచురేషన్ (శబ్దాన్ని కొంచెం గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే 400–800 హెర్ట్జ్ ప్రాంతంలో హార్మోనిక్స్ (అసలు స్వరానికి గుణిజాలైన పై స్వరాలు) పుడతాయి, వాటిని బట్టి చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది.

పంపే ఫైల్ విషయంలో కూడా చాలా నష్టం జరుగుతుంది. మిక్స్ మీద అభిప్రాయం కావాలంటే మాస్టర్ బస్ (ట్రాక్‌లన్నీ చివరికి కలిసే చోటు) మీద కేవలం సౌండ్ పెంచడానికి వేసిన లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే సాధనం) తీసేయండి. మిక్స్‌లో భాగంగా వాడుకున్న బస్ కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించే సాధనం) ఉండనివ్వండి. పీక్ (అతి పెద్ద శబ్దం) మైనస్ 6 డీబీ దగ్గర ఉంచి, ప్రాజెక్ట్ ఏ శాంపుల్ రేట్‌లో (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) ఉందో అందులోనే 24 బిట్ వేవ్ ఫైల్ తీయండి. మెసేజింగ్ యాప్‌లో ఆడియోగా పంపితే చాలాసార్లు అది మళ్ళీ కుదించుకుపోతుంది, అందుకే లింక్ గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపండి. 128 కేబీపీఎస్ ఎంపీ3లో సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ పైనంతా పోతుంది, సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్ళేలు) నీళ్ళలో మోగినట్టవుతాయి, ఆ నింద మీ ఈక్యూ మీద పడుతుంది. ఎంపీ3 తప్పనిసరైతే 320 కేబీపీఎస్‌లో తీయండి.

పోలిక కోసం రెఫరెన్స్ పాట (ఇప్పటికే విడుదలైన వేరే పాట) ఇస్తుంటే శబ్దం స్థాయి సరిచేయకుండా ఇవ్వకండి. లిమిటర్ లేని మీ మిక్స్ మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉండొచ్చు, విడుదలైన పాట మైనస్ 8 దగ్గర. ఆ 10 డీబీ తేడాతో వింటే మీది ఎంత బాగున్నా పేలవంగానే వినిపిస్తుంది. లౌడ్‌నెస్ మీటర్‌లో రెండూ ఒకే అంకెకి వచ్చేదాకా రెఫరెన్స్‌ని తగ్గించండి. మీ పాత వెర్షన్, కొత్త వెర్షన్ పోల్చేటప్పుడు కూడా అంతే. ఒక్క డీబీ ఎక్కువున్నా చెవి దాన్నే మెచ్చుకుంటుంది. కొత్తదే బాగుందని ఎవరైనా గట్టిగా అంటుంటే పేర్లు దాచి ఏ, బీ అని పంపి చూడండి. అసలు తేడా ఉందో లేదో తెలియాలంటే రెండు ఫైళ్ళనూ ఒకేచోట మొదలయ్యేలా పెట్టి ఒకదాని పొలారిటీ తిప్పేసి (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి వినండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే.

"ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది. "వోకల్ తగ్గిందా?" అని అడిగితే ఇంకా ప్రమాదం, ఆ మాట చెవిలో పడ్డాక అందరికీ తగ్గినట్టే వినిపిస్తుంది. "1:42 నుంచి 2:05 దాకా విని, అర్థం కాని మాటలు రాసి పంపండి" అనండి. మార్చలేనివి కూడా ముందే చెప్పండి: డ్రమ్స్ ఒకే స్టీరియో ఫైల్‌గా ఉన్నాయనో, వోకల్ మళ్ళీ రికార్డ్ చేయడం కుదరదనో. లేకపోతే స్నేర్ (డ్రమ్స్‌లో ఒకటి) మైక్ గురించి ఎవరో పెద్ద పేరా రాస్తారు, ఆ శ్రమంతా వృథా.

ఇప్పుడు "వోకల్ పెంచు" సంగతి. ముగ్గురన్నారు కాబట్టి అక్కడ ఏదో ఉంది. కానీ పెంచడమే పరిష్కారమని కాదు. పల్లవిలో స్పష్టంగా ఉండి చరణంలో మునిగిపోతోందంటే, చరణంలో కొత్తగా ఏం మొదలైందో చూడండి. చాలాసార్లు అది కీబోర్డ్ ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే మెత్తటి స్వరం) గానీ ఎడమ, కుడి రెండు వైపులా వాయించిన గిటార్లు గానీ అయివుంటుంది. హల్లుల స్పష్టతంతా 2–4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఆ ప్యాడ్, గిటార్లూ అక్కడే కూర్చుంటాయి. ఈ స్థితిలో వోకల్‌ని 3 డీబీ పెంచితే 5–8 కిలోహెర్ట్జ్ దగ్గర స, శ, చలు కూడా అంతే పెరిగి చెవిలో గుచ్చుతాయి, గొంతు వాద్యాల నుంచి విడిపోయినట్టుంటుంది. దానికి బదులు ప్యాడ్‌లో 2.5–3 కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పుగా 2 డీబీ కోసి, చరణంలో మాత్రం వోకల్ 1 డీబీ పెరిగేలా ఆటోమేషన్ (పాట నడుస్తుండగా దానంతటదే మారే సెట్టింగ్) ఇచ్చి చూడండి. మాటల చివరలే మింగేసినట్టు వినబడకపోతుంటే కంప్రెసర్‌కి ముందు క్లిప్ గెయిన్‌తో ఆ అక్షరాలు ఎత్తండి. వాళ్ళ ఫిర్యాదు ఒకటే, దారులు మూడు. ఏది సరైనదో ప్రాజెక్ట్ తెరిచిన మీకే తెలుస్తుంది, బయటినుంచి విన్నవాళ్ళకి తెలియదు.

మీరు చెప్పాల్సి వచ్చినప్పుడు మొదటిసారి తక్కువ సౌండ్‌లో, ఆపకుండా చివరిదాకా వినండి. దృష్టి మళ్ళిన చోట టైమ్ మాత్రం రాసుకోండి. రెండోసారి హెడ్‌ఫోన్స్, ఆ తర్వాత మోనో (ఎడమ, కుడి శబ్దాలు ఒకటిగా కలిపి). మోనోలో గిటార్ సన్నబడిందంటే ఒకే ట్రాక్‌ని కాపీ చేసి 10–30 మిల్లీసెకన్లు జరిపి వెడల్పు చేశారేమో అడగండి. వాళ్ళకి తెలియకుండా జరిగే తప్పుల్లో ఇది ముఖ్యమైనది. రాసేది ఇలా ఉండాలి: "0:48 దగ్గర కిక్, బేస్ కలిసినప్పుడు కిక్ దెబ్బ తెలియడం లేదు, క్లోజ్డ్ హెడ్‌ఫోన్స్‌లో విన్నాను, ఫోన్‌లో మాత్రం తెలుస్తోంది." పరిష్కారం తోస్తే చివర్లో "అయివుండొచ్చు" అని చేర్చండి.

ఫ్రీక్వెన్సీ అంకె కచ్చితంగా తెలియకపోతే రాయొద్దు. "గొంతు దుప్పట్లోంచి వస్తున్నట్టుంది" అన్నా చాలు, అవతలివాళ్ళు 200–400 హెర్ట్జ్ దగ్గర వెతుక్కుంటారు. సన్నటి ఈక్యూ బ్యాండ్‌ని 10 డీబీ పెంచి అటూ ఇటూ జరుపుతూ తప్పు వెతికే అలవాటు నాకు నచ్చదు. అంత పెంచితే ఏ ఫ్రీక్వెన్సీ అయినా వికారంగానే ఉంటుంది. అనుమానమున్న చోట 3 డీబీ కోసి, బైపాస్ చేస్తూ (ఆ మార్పును ఆపుతూ, మళ్ళీ వేస్తూ) వింటే నిజం తెలుస్తుంది.

మూడు విషయాలకు మించి చెప్పకండి. శ్రుతి, తాళం, అమరిక తప్పుంటే ముందు అదే చెప్పండి, రివర్బ్ (గదిలో మోగినట్టు చేసే ఎఫెక్ట్) గురించి తర్వాత. బాగున్నవి కూడా టైమ్‌తో సహా చెప్పండి. చెప్పకపోతే తర్వాతి వెర్షన్‌లో వాటినే చెడగొడతారు.

వచ్చిన అభిప్రాయాలను విడివిడిగా తీసుకోండి, ఒకరి మాట ఇంకొకరు చదివితే అందరూ అదే వింటారు. అన్నీ టైమ్ వరసలో ఒక కాగితం మీద రాయండి. ఒకే చోట ఇద్దరు తడబడితే అది సరిచేయాల్సిందే. ఒక్కరే అంటే, అది అభిరుచి విషయమైతే, వదిలేయండి. సంగీతం తెలియనివాళ్ళు "ఇక్కడ విసుగొచ్చింది" అంటే మాత్రం ఒక్కరన్నా పట్టించుకుంటాను. వాళ్ళు కంప్రెసర్ వినరు, పాటే వింటారు.

ఇంకొకటి, మూడుసార్లు విన్న మనిషికి తప్పులు అలవాటైపోతాయి. ఈసారి అయిదుగురికీ ఒకేసారి పంపకండి. ముగ్గురికి మొదటి వెర్షన్ ఇచ్చి, మిగిలిన ఇద్దరినీ చివరి వెర్షన్‌కి ఉంచుకోండి.