కొండ మీద దొరికిన విమానం ముక్క ఎవరిది?

ప్రశ్న: నేను మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్య ‘బ్లీక్‌లో’ (Bleaklow) అనే కొండ ఎక్కినప్పుడు, అక్కడ కూలిన పాత అమెరికా యుద్ధ విమానం శకలాల్లోంచి రివెట్లున్న అరచేతి వెడల్పు రేకు ముక్క ఒకటి తెచ్చుకున్నాను. ఇలాంటివి ఇంకా సేకరించాలని ఉంది. చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: మీరు చూసినది 1948 నవంబరు 3న కూలి, అందులోని 13 మందినీ పొట్టన పెట్టుకున్న బి-29 విమానం అయి ఉండాలి. ఇన్నేళ్లుగా ఎండకూ వానకూ పడి ఉన్నదానికి సొంతదారు ఎవరుంటారని అనిపించడం సహజమే కానీ, బ్రిటన్ చట్టం దృష్టి వేరు. 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం ప్రకారం, సైనిక సేవలో ఉండగా అక్కడ కూలిన విమానం ఏ దేశానిదైనా, యుద్ధంలో కూలినా శాంతికాలంలో కూలినా, ఆ చట్టం రాకముందే కూలినా, దానికి రక్షణ దానంతటదే వర్తిస్తుంది. ఓడలకైతే ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించాలి. విమానాలకు ఆ అవసరం లేదు. విమాన శకలాలని తెలిసీ వాటిని లైసెన్సు లేకుండా కదిలించడం, పాడుచేయడం, తవ్వి తీయడం, పట్టుకుపోవడం జరిమానా పడే నేరాలు. కాబట్టి ‘నేను తవ్వలేదు, పైన పడి ఉన్నదే తీశాను’ అన్న సమాధానం మిమ్మల్ని కాపాడదు.

ఆ ముక్కను అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి, భయపడి చీకట్లో కొండ మీద వదిలి రాకండి. నేను ఇండియాలో ప్రాక్టీసు చేసే లాయరును కనుక, ముందుగా బ్రిటన్‌లోని సొలిసిటరును (అక్కడి న్యాయవాదిని) కలిసి, ఆయన సలహా మీదే బ్రిటన్ రక్షణ శాఖకు రాయండి. మీరే తొందరపడి రాసే ఉత్తరం నేరాంగీకారంగా పనికిరావచ్చు.

ఇక సేకరణ మాట. కూలిన చోట తవ్వడానికి రక్షణ శాఖ లైసెన్సు, భూమి యజమాని అనుమతి రెండూ కావాలి. మృతుల అవశేషాలు గానీ పేలని బాంబులు గానీ ఉండవచ్చని తోస్తే లైసెన్సు ఇవ్వరు. నా మటుకు అది సబబే. ఇంత తతంగం కన్నా కొనడమే నయం. అయితే అమ్మేవారిని ‘ఇది ఏ విమానానిది, ఎవరు, ఎప్పుడు, ఏ లైసెన్సు మీద తీశారు?’ అని అడిగి, ఆ కాగితాల నకలు తీసుకున్నాకే డబ్బు కట్టండి. పాత విమానాల గడియారాలు, మీటర్ల ముళ్లకు చీకట్లో మెరిసే రేడియం రంగు పూసి ఉండవచ్చు, వాటి అద్దం విప్పకండి. పేలని తూటా మాత్రం ఎంత పాతదైనా పెట్టెలో పెట్టుకుని ఇండియా విమానం ఎక్కకండి, మన 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేని తూటా ఒక్కటి దొరికినా కేసే.