కంపెనీ ఇన్సూరెన్స్ ఉందని పాత పాలసీ ఆపేయొచ్చా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. జీతం చేతికి 48,000 వస్తుంది. మా వారికి మోటారు స్పేర్ పార్ట్స్ షాపు ఉంది, నెలకు 40,000 దాకా మిగులుతుంది. 2022 సెప్టెంబరులో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ 2023 మే నాటికి అయిపోయాయి. ఇప్పుడు టామాక్సిఫెన్ మాత్రలు వేసుకుంటూ ఆరు నెలలకోసారి హైదరాబాద్ వెళ్లి చూపించుకుంటున్నాను. బాబు ఇంటర్ రెండో ఏడాది, పాప ఎనిమిదో తరగతి. 73 ఏళ్ల అత్తగారు మాతోనే ఉంటారు. ఈఎంఐ 14,000 కలిపి ఇంటి ఖర్చు నెలకు 62,000. హోమ్ లోన్ ఇంకా 9 లక్షలుంది (వడ్డీ 8.5 శాతం). ఎఫ్‌డీలో 6 లక్షలు (6.5 శాతం) ఉన్నాయి. ఆఫీసులో 5 లక్షల గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది కదా, 2018 జూన్‌లో తీసుకున్న 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) ఆపేసి, దాని ఏడాది ప్రీమియం 27,000 సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో) పెడదామంటున్నారు మా వారు. నాకేమో నీరసంగా ఉంటోంది, ఎఫ్‌డీ తీసి లోన్‌కు కట్టేసి ఉద్యోగం మానేద్దామని ఉంది. నా పేరున టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే జీవిత బీమా) వస్తుందా?

జవాబు: ముందు ఆ ఫ్లోటర్ సంగతి. దయచేసి దాన్ని ముట్టుకోకండి. మీ ఇంట్లో బంగారం, ఎఫ్‌డీ, ఇల్లు అన్నీ మళ్లీ సంపాదించుకోవచ్చు. క్యాన్సర్ రాకముందు తీసుకున్న హెల్త్ పాలసీ మాత్రం ఈ జన్మలో మళ్లీ దొరకదు. క్లెయిమ్ చేశారన్న కారణంతో కంపెనీ మీకు రెన్యువల్ నిరాకరించడానికి వీల్లేదు. పైగా బ్రేక్ లేకుండా 60 నెలలు నడిచిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, ఫలానాది అప్పుడు చెప్పలేదంటూ క్లెయిమ్ తోసిపుచ్చకూడదని నిబంధన. మీ పాలసీ 2023 జూన్‌కే ఆ గీత దాటింది. ఇప్పుడు వదిలేసి రేపు కొత్తది అడిగితే చాలా కంపెనీలు ఫారం చూడగానే కాదంటాయి. ఇచ్చినా, పాత జబ్బుకు 36 నెలల దాకా వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, పెట్టొచ్చు. గ్రూప్ ఇన్సూరెన్స్ మీది కాదు, మీ యజమానిది. ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది.

రెన్యువల్ నోటీసు ఈసారి జాగ్రత్తగా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలపై 18 శాతం జీఎస్‌టీ లేదు. నిరుడు జూన్‌లో కట్టిన 27,000లో పన్నే దాదాపు 4,100. రేటు పెంచకపోతే 22,900 దగ్గర రావాలి. చివరి తేదీ దాటితే 30 రోజుల గడువుంటుంది కానీ, ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవాళ్లకు ఆ మధ్య రోజుల్లో హాస్పిటల్లో చేరితే క్లెయిమ్ రాదు. కాబట్టి పది రోజుల ముందే కట్టేయండి. ‘ఇంతకంటే మంచి కంపెనీకి పోర్ట్ చేయిస్తాం’ అని ఏజెంటు వస్తే వద్దనండి. పోర్టింగ్‌లో కొత్త కంపెనీ మీ ఫైలు చూసి కాదనొచ్చు, ఈలోపు రెన్యువల్ తేదీ నెత్తిమీదికొస్తుంది. సమ్ ఇన్సూర్డ్ (బీమా మొత్తం) పెంచమని అడగండి, ఇస్తే మంచిదే. పెరిగిన భాగానికి మాత్రం వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది.

ఇంకో చిక్కు, ఆ 5 లక్షలు నలుగురికీ కలిపి. మీకొక పెద్ద బిల్లు పడితే ఆ ఏడాది మిగతా ముగ్గురికీ ఏమీ మిగలదు. మీ వారికీ పిల్లలకీ విడిగా 10 లక్షల పాలసీ ఇప్పుడే తీసుకోండి. ఫారంలో కుటుంబ చరిత్ర అడిగితే మీ సంగతి దాచకుండా రాయండి. పాత ఫ్లోటర్‌లోంచి వాళ్ల పేర్లు ఈ జూన్‌లోనే తీసేయొద్దు, కొత్తదాని వెయిటింగులు గడిచాక చూసుకోవచ్చు. హాస్పిటల్ అవసరం పడితే ముందు ఆఫీసు పాలసీ వాడండి, చాలకపోతేనే ఫ్లోటర్. ఏది ముందు వాడాలో ఎంచుకునే హక్కు మీదే.

రూమ్ అద్దె పరిమితి మాటొకటి. పాత పాలసీల్లో చాలావాటికి సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం అని ఉంటుంది, మీదీ అంతే అయితే రోజుకు 5,000. మీరు 8,000 రూములో చేరితే కోత అద్దెలోని 3,000తో ఆగదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటివన్నీ అదే నిష్పత్తిలో కోస్తారు, 8 రూపాయలకు 5 ఇచ్చినట్టు. అడ్మిషన్ కౌంటర్ దగ్గరే ‘5,000 లోపు రూమే’ అని చెప్పాలి. అక్కడే ఇంకో పని ఉంది. డ్యూటీ డాక్టరు కేస్ షీటులో హడావుడిగా రాసే జబ్బు చరిత్రను ఒకసారి చదవండి. ‘మూడేళ్లుగా క్యాన్సర్’ బదులు ‘పదేళ్లుగా’ అని ఒక అంకె తప్పు పడితే, జబ్బు పాలసీ కంటే ముందుదన్న అనుమానంతో క్లెయిమ్ నెలల తరబడి ఆగుతుంది. 2022 నాటి మొదటి ఓపీ చీటీ, బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ స్కాన్ చేసి మీ ఫోనులోనూ మీ వారి ఫోనులోనూ పెట్టుకోండి.

చెకప్‌లకు ఈ పాలసీలేవీ పైసా ఇవ్వవు, అవి ఓపీ ఖర్చులు. మీరు పంపిన లెక్క ప్రకారం నిరుడు డాక్టర్ ఫీజు 1,600, మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ 4,200, మాత్రలు 4,800, రక్తపరీక్షలు వగైరా 3,800, ఇద్దరి ప్రయాణాలు 7,600, పెట్ స్కాన్ 17,000. మొత్తం 39,000. ఇందులో పెట్ స్కాన్ ‘మనసు కుదుటపడాలని’ మీరే అడిగి చేయించుకున్నారు. ఏ లక్షణాలూ లేనివాళ్లకు ఏటా పెట్ స్కాన్, ట్యూమర్ మార్కర్ల రక్తపరీక్షలు చేయమని వైద్య మార్గదర్శకాలు చెప్పవు. క్రమం తప్పకుండా డాక్టరు చూడటం, ఏడాదికోసారి మామోగ్రామ్, ఇవే అసలైనవి. ఈసారి వెళ్లినప్పుడు మీ ఆంకాలజిస్టునే అడగండి. పెట్ స్కాన్ తీసేస్తే ఏడాదికి 22,000. నెలకు 2,500 చొప్పున విడిగా ఆర్‌డీ కట్టండి. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడల్లా అమ్మ చెకప్పే వాయిదా పడుతుంటుంది, డబ్బు వేరుగా ఉంటే ఆ సాకు ఉండదు.

ఇక లోన్. 6 లక్షలతో 9 లక్షల అప్పు తీరదు, 3 లక్షలు మిగులుతుంది. బ్యాంకు మామూలుగా ఈఎంఐ తగ్గించదు, గడువు తగ్గిస్తుంది. మీరు పట్టుబట్టి ఈఎంఐ తగ్గించుకున్నా 4,700 దగ్గరకొస్తుంది, ఇంటి ఖర్చు 52,700 అవుతుంది. షాపు ఆదాయం 40,000. అంటే ఉద్యోగం మానేస్తే నెలకు 12,700 లోటు, చేతిలో రూపాయి లేదు. ఎఫ్‌డీ ఉంచుకోవడం వల్ల మీకు పోయేది వడ్డీ తేడా 2 శాతం, ఏడాదికి 12,000. అర్ధరాత్రి హాస్పిటల్‌కు పరుగెత్తాల్సి వస్తే చేతిలో డబ్బుందన్న ధీమాకు అదేమీ ఎక్కువ కాదు. ఆ 6 లక్షలు ఒకే రసీదుగా ఉంటే, గడువు తీరాక లక్ష చొప్పున ఆరుగా చేసి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటుగా పెట్టండి. అవసరానికి ఒకటి పగలగొడితే మిగతా అయిదూ వడ్డీ తెస్తూనే ఉంటాయి.

అందుకే ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. నీరసం మాట ముందు డాక్టరుకు చెప్పండి. రక్తహీనత, థైరాయిడ్ లాంటి సరిచేయగల కారణం ఉండొచ్చు. జీతం కొంత తగ్గినా ఇంటి నుంచి పని, లేదా తక్కువ గంటలు అడిగి చూడండి. పీఎఫ్ సభ్యురాలిగా ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈడీఎల్ఐ కింద మీ కుటుంబానికి 7 లక్షల దాకా జీవిత బీమా ఉంటుంది, వైద్య పరీక్షలు లేకుండా. పీఎఫ్ వెబ్‌సైట్లో ఈ-నామినేషన్ చేశారో లేదో ఇవాళే చూడండి.

మీ పేరున టర్మ్ పాలసీకి ఇప్పుడు అప్లై చేయకండి. చికిత్స ముగిసి కొన్నేళ్లు గడిచేదాకా చాలా కంపెనీలు వాయిదా వేస్తాయి, ఆ తర్వాత కూడా స్టేజీని బట్టి, అదనపు ప్రీమియంతోనే ఇస్తాయి. ఒకసారి తిరస్కరిస్తే, తర్వాత అడిగే ప్రతి ఫారంలో అది రాయాల్సి వస్తుంది. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలతో 2 లక్షల జీవన జ్యోతి బీమా ఉంది, 50 ఏళ్ల లోపు చేరొచ్చు. అక్కడా అడిగింది నిజమే రాయండి. మీ పాలసీ గురించి ఇంత ఆలోచించారు కానీ, మీ వారి పేరున టర్మ్ పాలసీ ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. షాపు ఆయన ఒక్కరి మీదే నడుస్తోంది. ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి ఆయనకు వస్తుంది. 75 లక్షలకు తక్కువ కాకుండా, పాప చదువు, పెళ్లి వయసు దాటేదాకా తీసుకోండి. సిప్ ఆ తర్వాతే.

అత్తగారికి డెబ్బై దాటాయి కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల వైద్యం. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ ఈ-కేవైసీతో అయిపోతుంది. ఆమె వేలిముద్ర పడకపోతే ఓటీపీ వాడుకోవచ్చు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఇప్పటికీ మీ ఇంట్లో ఎవరిదో ఒకరిదై ఉందో లేదో ముందు చూసుకోండి.