పాత కారు ఏసీ: కంప్రెసర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

పదిహేనేళ్ల కారులో కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ను నొక్కి పంపే పంపు) తిరగకుండా పట్టేసిందని, అదొక్కటే మార్చవచ్చా అని అడిగారు. మార్చవచ్చు గానీ, కొత్తది కూడా త్వరలోనే పాడయ్యే అవకాశం ఎక్కువ.

కంప్రెసర్ పట్టేసినప్పుడు లోపల అరిగిన లోహపు రజను నూనెతో కలిసి గొట్టాలన్నిటిలోకి పాకుతుంది. ముందుగా చేరేది గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లోకి. సన్నని సందులున్న ఇప్పటి కండెన్సర్లను ఎంత కడిగినా ఆ రజను పూర్తిగా పోదు, కాబట్టి దాన్నీ మార్చాల్సిందే. గొట్టాలను, కూలింగ్ కాయిల్‌ను కడిగించి, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కొత్తది వేయించండి. గ్యాస్‌లోని తేమను తీసేసే డ్రయర్ విషయంలో బేరమే లేదు, దాన్నీ మార్చాల్సిందే. గొట్టాలు విప్పి ఉంచితే, అందులోని తేమను పీల్చే గింజలు గాలిలోని తేమతోనే నిండిపోతాయి. మిగిలిన తేమ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది, నూనెతో కలిసి ఆమ్లంగానూ మారుతుంది. అందుకే గ్యాస్ నింపేముందు కనీసం అరగంట వాక్యూమ్ పట్టించాలి, అంటే పంపుతో లోపలి గాలిని, తేమను లాగేయించాలి. తొందరగా ముగించాలనుకునే మెకానిక్ వదిలేసేది సాధారణంగా ఈ అరగంటనే!

1990ల నాటి కారైతే అందులో ఆర్-12 అనే పాత రకం ఏసీ గ్యాస్ ఉండి ఉండవచ్చు. దానితో వాడే మినరల్ ఆయిల్, ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఏ గ్యాస్‌తో కలవదు. గ్యాస్ మారిస్తే నూనె, రబ్బరు రింగులు కూడా మార్చాలి. కొత్త గ్యాస్ పాతదాని తూకంలో 80-90 శాతమే పడుతుంది.

ఇంత ఖర్చుకు దిగేముందు ఒక్కటి చూడండి: ఇంజిన్ ఆపి, కంప్రెసర్ క్లచ్ (కంప్రెసర్‌ను బెల్టు పుల్లీతో కలిపే, విడదీసే భాగం) ముందు పలకను చేత్తో తిప్పితే తిరుగుతోందా? తిరిగితే పట్టేసింది కంప్రెసర్ కాకపోవచ్చు, పుల్లీ బేరింగ్ ఒక్కటే కావచ్చు.