ప్రాడోలో పురాణ చిత్రాలను చూడడం గురించి మా అమ్మాయికి రాసిన ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాసే ఉత్తరం.

నీ ఉత్తరం చదివాను. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఒక పూటంతా గది తరువాత గది తిరిగినా కాళ్ల నొప్పి తప్ప ఏమీ మిగలలేదని రాశావు. గోడల మీద ఉన్న ఆ దేవతలు ఎవరో, ఎందుకు పరుగెడుతున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో తెలియక పక్కనున్న చీటీలు చదవడంతోనే పొద్దు గడిచిపోయిందని, ఇవి చూడడం నేర్చుకోవడానికి దారి ఏదైనా ఉంటే చెప్పమని అడిగావు. ఉద్యోగ విరమణ తరువాత మొదటిసారి మాడ్రిడ్ వెళ్లినప్పుడు నేనూ అదే పొరపాటు చేశాను. నోటుపుస్తకం పట్టుకుని కనిపించిన ప్రతి చిత్రం పేరూ, చిత్రకారుడి పేరూ, సంవత్సరమూ రాసుకుంటూ నడిచాను. ఆ రాత్రి బసలో పుస్తకం తెరిస్తే పేజీల నిండా పేర్లున్నాయి గాని, కళ్లు మూసుకుంటే ఒక్క చిత్రమూ ఎదుట నిలవలేదు. మరునాడు పుస్తకాన్ని బసలోనే వదిలి వెళ్లి ఒకే ఒక్క చిత్రం ముందు కూర్చున్నాను. నీకు చెప్పబోయేదంతా ఆ రెండో రోజు మొదలుకొని నేర్చుకున్నదే.

నా సలహా ఇది. ముందుగా కథ తెలుసుకో. ఆ తరువాత చిత్రం ముందు నిలబడి, చిత్రకారుడు ఆ కథను ఎక్కడ విడిచిపెట్టాడో వెతుకు. ఇది నీకు కొత్త విద్యేమీ కాదు. గజేంద్రమోక్షం పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకు మూలాన్నీ తెలుగునూ పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ణి. విష్ణువు వచ్చి ఏనుగును కాపాడడం సంస్కృత మూలంలోనూ ఉంది. కాని లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు చేతికి తీసుకోకుండా పరుగెత్తే ఆ తొందర పోతనది. పోతన మనసు మనకు దొరికేది మూలాన్ని అనుసరించిన చోటకంటే ఆ తొందర దగ్గరే. యూరప్ చిత్రకారులను కూడా అలాగే పట్టుకోవాలి.

వాళ్లకు మూలగ్రంథం వంటిది రోమన్ కవి ఓవిడ్ లాటిన్‌లో రాసిన ‘మెటమార్ఫోసెస్’, అంటే రూపాంతరాల కావ్యం. మన లెక్కలో చెప్పాలంటే అది 15 ఆశ్వాసాలు. క్రీ.శ. 8లో అది దాదాపు పూర్తయిన సమయంలోనే అగస్టస్ చక్రవర్తి ఓవిడ్‌ను నల్లసముద్రం ఒడ్డున ఉన్న టోమిస్‌కు వెళ్లగొట్టాడు. ఆయన మళ్లీ రోమ్ చూడలేదు. కావ్యమంతా చదవనవసరం లేదు. నాలుగో భాగంలో వల్కన్ కథ, ఆరో భాగంలో అరాక్నే కథ, పదో భాగంలో అడోనిస్ కథ మంచి అనువాదంలో చదువుకుని వెళ్తే మొదటి నెలకు చాలు. గ్రీకుల దేవరాజు జ్యూస్ రోమన్లకు జూపిటర్ అని, విద్యలకూ నేతకూ దేవత అయిన అథీనా మినర్వా అని, ప్రేమదేవత ఆఫ్రొడైటీ వీనస్ అని గుర్తుంచుకో. నెమలిపింఛం కనిపిస్తే కృష్ణుడని మనం పోల్చుకున్నట్టే, శిరస్త్రాణం ఉన్న స్త్రీని మినర్వాగా, నొసట నెలవంక ఉన్నామెను డయానాగా, టోపీకి రెక్కలున్నవాణ్ణి మెర్క్యురీగా పోల్చుకోవచ్చు. ఈ పోలికలు వారంలో అలవాటవుతాయి. అంతకుమించి వాటి మీద కాలం ఖర్చు చేయకు.

మొదట టిషియన్ వేసిన వీనస్, అడోనిస్‌ల చిత్రం దగ్గరికి వెళ్లు. వెనిస్ నగరంలో పనిచేసిన ఈ చిత్రకారుడు స్పెయిన్ రాజకుమారుడు ఫిలిప్ కోసం ఓవిడ్ కథల మీద వరుసగా పెద్ద చిత్రాలు వేసి, వాటిని ‘పొయెసియే’, అంటే కవితలు, అని తానే పిలిచాడు. ఓవిడ్ చెప్పిన కథలో వీనస్ తాను ప్రేమించిన యువకుణ్ణి క్రూరమృగాల జోలికి వెళ్లవద్దని హెచ్చరించి, హంసల రథమెక్కి వెళ్లిపోతుంది. ఆమె వెళ్లిన తరువాతే అతడు వేటకు దిగి అడవిపంది కోరకు బలవుతాడు. టిషియన్ చిత్రంలో వెళ్లిపోతున్నది ఆమె కాదు, అతడు. ఆమె మనకు వీపు చూపిస్తూ అతణ్ణి రెండు చేతులతో పట్టుకుంది. అతడు ఈటె పట్టుకుని, కుక్కలతో ముందుకు అడుగు వేస్తూనే ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. వెనక చెట్టు కింద మన్మథుడు నిద్రపోతున్నాడు, అతని విల్లు కొమ్మకు వేలాడుతోంది. కవిని తప్పినందుకు 1584లోనే రాఫయెల్లో బోర్గీని అనే రచయిత టిషియన్‌ను తప్పుపట్టాడు. నా మటుకు నాకు ఆ తప్పులోనే చిత్రం ప్రాణం ఉంది. ఓవిడ్ మరణాన్ని చెప్పాడు, టిషియన్ మరణానికి ముందు క్షణాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్న చేతుల బలం ఏమాత్రం చాలదని చూసే మనకు తెలుసు, ఆ చిత్రంలోని ఇద్దరికీ తెలియదు.

ఆ చిత్రం ముందే మరొకటి గమనించు. చిత్రం వేసిన బట్ట మధ్యగా అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. 1554లో ఫిలిప్ ఇంగ్లాండ్ రాణి మేరీని పెళ్లాడి లండన్‌లో ఉన్నప్పుడు ఈ చిత్రం అక్కడికే చేరింది. మధ్యలో మడత పడి చెడిపోయి వచ్చిందని అతడు ఉత్తరంలో ఫిర్యాదు చేశాడు. దాదాపు ఐదు వందల ఏళ్ల నాటి ఆ ప్రయాణం ఇప్పటికీ బట్ట మీద ఉంది. పుస్తకంలో అచ్చువేసిన బొమ్మలో ఇది సరిగా తెలియదు, అందుకే అసలు చిత్రం ఎదుట నిలబడమని చెబుతున్నాను.

తరువాత స్పెయిన్ ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ 1630లో రోమ్‌లో వేసిన వల్కన్ కొలిమి. దేవతల కమ్మరి వల్కన్ దగ్గరికి సూర్యదేవుడు వచ్చి, ‘నీ భార్య వీనస్ యుద్ధదేవుడు మార్స్‌తో ఉంది’ అని చెబుతాడు. ఆ మాట వినగానే వల్కన్ చేతిలోని పని జారి పడిపోయిందని ఓవిడ్ రాశాడు. వెలాస్కెజ్ వల్కన్ చేతిలోంచి ఏదీ జారలేదు. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతి పట్టకారులో ఎర్రగా కాలిన ఇనుము అలాగే ఉన్నాయి. నడుము కొంచెం వంగింది, కళ్లు మాత్రం విచ్చుకున్నాయి. చుట్టూ పనివాళ్లు కొట్టే దెబ్బ ఆపి నోళ్లు తెరిచి చూస్తున్నారు. చేతిలో ఉన్నదాన్ని వదిలేయడం నాటకంలో అందంగా ఉంటుంది. నిజంగా పిడుగులాంటి వార్త విన్నవాడు చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడని మా నాన్నగారు పోయిన వార్త విన్న రోజున నాకు తెలిసింది. నా గుప్పిట్లో ఉన్న సుద్దముక్క ఇంటికి వచ్చేదాకా అలాగే ఉంది.

ఇక నిన్ను ఎక్కువసేపు నిలబడమని కోరేది అదే వెలాస్కెజ్ 1655–1660 మధ్య వేసిన ‘లాస్ ఇలాందెరాస్’, అంటే నూలు వడికే స్త్రీల చిత్రం, ముందు. ముందు గదిలో ఐదుగురు స్త్రీలు పనిలో ఉన్నారు. ముసలామె తిప్పుతున్న రాట్నం ఎంత వేగంగా తిరుగుతోందంటే ఆకులు మాయమై గాలి మాత్రమే కనిపిస్తుంది. వెనక, మెట్టెక్కితే వచ్చే వెలుతురు గదిలో, పట్టుబట్టల స్త్రీలు గోడకు వేలాడే చిత్రవస్త్రం దగ్గర నిలబడి ఉన్నారు. ఇది నేతపని కార్ఖానా దృశ్యమని చాలాకాలం అనుకున్నారు. 1664 నాటి ఆస్తిపట్టీలో దీని పేరు ‘అరాక్నే కథ’ అని ఉన్నట్టు 1948లో వెలుగులోకి వచ్చింది. అప్పుడు వెనక గదిలో శిరస్త్రాణంతో చెయ్యెత్తిన ఆకారం మినర్వా అనీ, ఆమె ఎదుట ఉన్నది అరాక్నే అనీ స్పష్టమైంది.

కథ చదివి వెళ్లమన్నది ఇందుకే. నేతలో దేవతతో పోటీపడిన మామూలు పల్లెపిల్ల అరాక్నే. ఆమె తన వస్త్రంలో దేవతలు స్త్రీలకు చేసిన అన్యాయాలను నేసింది. వాటిలో మొదటిది ఎద్దు రూపంలో వచ్చిన జూపిటర్ యూరోపాను ఎత్తుకుపోవడం. ఆ పనిలో మినర్వా కూడా, అసూయ కూడా తప్పుపట్టగలిగింది ఏమీ లేదని ఓవిడ్ అంటాడు. దేవత కోపంతో ఆ వస్త్రాన్ని చింపి, ఆమెను కొట్టి, చివరికి సాలెపురుగుగా మార్చింది. వెలాస్కెజ్ చిత్రంలో వేలాడుతున్న ఆ వస్త్రాన్ని దగ్గరగా చూడు. అది టిషియన్ 1562లో ఫిలిప్‌కు పంపిన యూరోపా చిత్రమే. 1628లో రాయబారిగా మాడ్రిడ్ వచ్చిన చిత్రకారుడు రూబెన్స్ రాజమందిరంలోని టిషియన్ చిత్రాలను నకలు వేశాడు, అప్పటికి 29 ఏళ్ల వెలాస్కెజ్ ఆయన వెంట ఉన్నాడు. టిషియన్ అసలు చిత్రం 1896 నుంచి బోస్టన్‌లో ఉంది. రూబెన్స్ నకలు ప్రాడోలోనే ఉంది, ముందు దాన్ని చూసి తరువాత ఇటు రా. కవి ఊహించిన నేతపిల్ల చేతికి వెలాస్కెజ్ తన గురువుల గురువు వేసిన చిత్రాన్నే ఇచ్చాడు. దేవత కూడా తప్పుపట్టలేని పని ఇది అని రంగులతోనే అన్నాడు. చిత్రకళ చేతిపనే తప్ప ఉన్నత విద్య కాదని చాలామంది భావించిన స్పెయిన్‌లో, కులీనులకే దక్కే శాంతియాగో వీరుల బిరుదు పొందడానికి తాను ఎన్నడూ బతుకుతెరువు కోసం బొమ్మలు వేయలేదని సాక్షుల చేత చెప్పించుకోవలసి వచ్చినవాడు ఆయన. 1659లో ఆ బిరుదు వచ్చింది, మరుసటి ఏడే కన్నుమూశాడు. అది తలచుకుంటే వడికే స్త్రీలను ముందు గదిలో అంత పెద్దగా, పట్టుబట్టల వాళ్లను వెనక అంత చిన్నగా ఎందుకు వేశాడో నాకు అర్థమవుతుంది.

ఈ చిత్రాల్లో ఉన్న ఆడవాళ్ల శరీరాలను చూస్తే ఇబ్బందిగా ఉందని కూడా రాశావు. ఆ ఇబ్బందిని అణచుకోవద్దు. అంతకుముందు పంపిన డానయీ అనే స్త్రీ చిత్రంలో ముందువైపు చూపించాను కనుక వీనస్, అడోనిస్‌ల చిత్రంలో వెనకవైపు చూపిస్తున్నానని, గదికి అది శోభనిస్తుందని టిషియన్ ఫిలిప్‌కు ఉత్తరంలోనే చెప్పాడు. అంటే అవి ఒక రాజకుమారుడి కంటికోసం వేసినవి. ఆ సంగతి ఒప్పుకోవాలి. 1762లో స్పెయిన్ రాజు మూడవ చార్లెస్ అంతఃపురంలోని నగ్నచిత్రాలను తగలబెట్టించాలనుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు మెంగ్స్ అడ్డుపడి వాటిని కాపాడాడు. ఆ తరువాత అవి మాడ్రిడ్ కళల అకాడమీలో ప్రత్యేక గదిలో దాగి, 1827లో ప్రాడోకు చేరాయి. తగలబెట్టడం కంటే అరాక్నేలా అన్యాయాన్ని అన్యాయంగా పేరుపెట్టి చూడడం మేలని నా నమ్మకం.

చిత్రకారుల జీవితకథలు చదువు, కాని ఆచితూచి నమ్ము. టిషియన్ చేతినుంచి జారిన కుంచెను ఫిలిప్ తండ్రి ఐదవ చార్లెస్ చక్రవర్తి వంగి అందించాడన్న కథ 1648లో, అంటే టిషియన్ పోయిన 72 ఏళ్లకు అచ్చయింది. తనకు 95 ఏళ్లని టిషియన్ 1571లో స్వయంగా ఫిలిప్‌కు రాశాడు. పరిశోధకులు దాన్ని ఒప్పుకోరు. 1576లో వెనిస్ ప్లేగు రోజుల్లో చనిపోయేదాకా కుంచె వదలలేదన్నది మాత్రం ఆయన చివరి చిత్రాలే చెబుతాయి. స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన శాటర్న్ చిత్రాన్ని, అంటే కన్నబిడ్డను తినే దేవుడి బొమ్మను, కింది అంతస్తులో చూస్తావు. చెవుడు వచ్చిన ముసలితనంలో తన ఇంటి గోడ మీద వేసుకున్నది అది, పేరు కూడా ఆయన పెట్టలేదు. దాన్ని మొదటి రోజే చూడకు.

మ్యూజియం మూసే ముందు చివరి రెండు గంటలు ప్రవేశం ఉచితం కనుక వారానికి రెండు సాయంత్రాలు వెళ్లు, రోజుకు ఒక చిత్రమే చూడు. ముందు పది అడుగుల దూరంలో నిలబడు, తరువాత దగ్గరికి వెళ్లు, మళ్లీ వెనక్కి రా. టిషియన్ ముసలితనపు కుంచె దగ్గరి నుంచి మరకల్లాగే ఉంటుంది, దూరం జరిగితేనే చర్మమై, ఆకాశమై కుదురుకుంటుంది. చీటీ చివర చదువు. పెన్సిల్ తీసుకెళ్లి చేతులు మాత్రం గీసుకో, ఎంత వంకరగా వచ్చినా సరే.

నూలు వడికే చిత్రంలో ఎడమ చివర ఎర్రని తెర పక్కకు లాగుతూ ముసలామె వైపు వంగిన అమ్మాయి ఒకతె ఉంది. ఈసారి వెళ్లినప్పుడు వెనక గదికి వెళ్లే ముందు ఆమె దగ్గర పది నిమిషాలు ఆగి, ఏం కనిపించిందో నాకు రాయి.

ఇట్లు
నీ పెదనాన్న